ముందు నిర్ణయమా, స్వేచ్ఛా చిత్తమా? బెజవాడ, గుంటూరుల్లో సంఘం వెతుక్కునే బాప్టిస్టులకు

నరసరావుపేట, వినుకొండ, బాపట్ల వైపు నుంచి ఉద్యోగానికో పిల్లల చదువులకో విజయవాడ, గుంటూరు చేరిన బాప్టిస్టు కుటుంబాలకు అద్దె ఇల్లు దొరికాక మిగిలే పెద్ద పని సంఘం చూసుకోవడం. సొంతూళ్లో ఆ బెడద లేదు. తాతగారు ఏ గుడిలో సభ్యులైతే మనవలూ అక్కడే. ఇక్కడ రెండు మూడు ఆదివారాలు అటూ ఇటూ తిరిగేసరికి ఒక తేడా చెవిన పడుతుంది. ఒకచోట పాస్టర్ గారు ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం తెరిచి, జగత్తు పునాది వేయకముందే దేవుడు తనవాళ్లను ఏర్పరచుకున్నాడని వారాల తరబడి వివరిస్తారు. ఇంకోచోట కీబోర్డు మెల్లగా మోగుతుంటే "నిర్ణయం నీదే, ఈ పూటే తేల్చుకో" అంటూ ముందుకు పిలుస్తారు. రెండు చోట్లా బోర్డు మీద బాప్టిస్టు అనే ఉంటుంది. ఇంటికొచ్చాక భార్యాభర్తల మధ్య చర్చ మొదలవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సిద్ధాంతం పేరు చూసి సంఘం ఎంచుకోకండి. రక్షణ పొందని కొడుకు కోసం చేసే ప్రార్థనలో, పాపంలో పడిపోయినవాడితో మాట్లాడే తీరులో, చావు ఇంట్లో చెప్పే వాక్యంలో ఆ సిద్ధాంతం ఎలా పలుకుతుందో చూసి ఎంచుకోండి. అయితే అలా చూడాలన్నా అసలు తేడా ఏమిటో కొంత తెలిసి ఉండాలి.

రెండూ మన ఇంట్లో పుట్టినవే

ఎవరు రక్షణ పొందాలో దేవుడే ముందు నిర్ణయించాడని నమ్మేవాళ్లను, ఆ బోధ చేసిన జాన్ కాల్విన్ పేరుతో కల్వినిస్టులంటారు. "నిజమైన బాప్టిస్టు అంటే కల్వినిస్టే" అనేవాళ్లు ఉన్నారు. "బాప్టిస్టుకీ కల్వినిజానికీ సంబంధమే లేదు" అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ సగం చరిత్రే.

1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తలదాచుకున్న ఇంగ్లీషువాళ్ల గుంపులో జాన్ స్మిత్ విశ్వసించినవారికే బాప్తిస్మం అన్న పద్ధతి మొదలుపెట్టాడు. అందులోంచి థామస్ హెల్విస్ కొందరిని వెంటబెట్టుకుని లండన్ తిరిగివచ్చి, స్పిటల్‌ఫీల్డ్స్‌లో సంఘం కట్టాడు. క్రీస్తు అందరి కోసమూ చనిపోయాడని వీళ్ల నమ్మకం. అందుకే జనరల్ బాప్టిస్టులన్నారు. 1630ల్లో అదే లండన్‌లో ఇంకో పాయ పుట్టింది. క్రీస్తు మరణం ఏర్పరచబడినవారి కోసం అన్నది వీళ్ల బోధ, వీళ్లు పర్టిక్యులర్ బాప్టిస్టులు. 1644లో ఏడు లండన్ సంఘాలు కలిసి విశ్వాస ప్రమాణం, అంటే తాము నమ్మేదేమిటో రాసిన పత్రం, ప్రకటించాయి. 1677లో మరొకటి వెలువడింది, దాన్ని 1689లో పెద్ద సభ ఆమోదించింది. ఇప్పటికీ ఈ బోధను పట్టుకున్న రిఫార్మ్‌డ్ బాప్టిస్టులు "మాది 1689" అని ఆ ఏడాదితోనే చెప్పుకుంటారు. అమెరికాలో స్వేచ్ఛా చిత్తాన్ని బోధించే ఫ్రీవిల్ బాప్టిస్టులకు 1727లో నార్త్ కరొలినాలో పాల్ పామర్, 1780లో న్యూ హాంప్‌షైర్‌లో బెంజమిన్ రాండల్ పునాది వేశారు.

మన గడప దాకా వచ్చిన కథ మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. 18వ శతాబ్దంలో పర్టిక్యులర్ బాప్టిస్టుల్లో కొందరు ఎంత దూరం వెళ్లారంటే, రక్షణ లేనివాణ్ని "నమ్ము" అని పిలవడమే తప్పనుకున్నారు. ఏర్పాటు ఉన్నవాడు, అంటే దేవుడు ముందే ఎన్నుకున్నవాడు, ఎలాగూ వస్తాడు, మనం పిలవడమెందుకు అని. ఇంగ్లండ్‌లోని కెటరింగ్ పాస్టర్ ఆండ్రూ ఫుల్లర్ 1785లో దీన్ని గట్టిగా ఖండిస్తూ పుస్తకం రాశాడు. ఏర్పాటును ఆయన వదల్లేదు. సువార్త విన్న ప్రతి మనిషికీ నమ్మాల్సిన బాధ్యత ఉంది కనుక ప్రతి మనిషినీ పిలవాల్సిందే అన్నాడు. 1792లో అదే కెటరింగ్‌లో మిషనరీ సొసైటీ ఏర్పడింది, మరుసటి ఏడాది విలియం కేరీ బెంగాల్ చేరాడు. కేరీ ఏర్పాటును నమ్మినవాడే. ఆయన సెరంపూర్ ముద్రణాలయంలోనే 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. అటు జనరల్ బాప్టిస్టులు 1822లో కటక్ చేరి పని మొదలుపెట్టారు. కాబట్టి "ముందు నిర్ణయం నమ్మేవాళ్లు సువార్త చెప్పరు" అన్న మాట ఎవరైనా అంటే, ఆ 1818 నాటి తెలుగు కొత్త నిబంధన వైపు చూపించవచ్చు.

మొదటి దారి: 1689 వాళ్లు

వీళ్ల బోధను అయిదు ముక్కల్లో చెప్పడం అలవాటు. మనిషి పాపంలో చచ్చినవాడు, తనంతట తాను దేవుని వైపు తిరగలేడు. దేవుడు అతనిలో ఏ మంచీ చూడకుండానే ఏర్పరచుకున్నాడు. క్రీస్తు తనవాళ్ల కోసం ప్రాణం పెట్టాడు. కృప వాళ్లను తప్పకుండా తీసుకొస్తుంది. వచ్చినవాళ్లు చివరిదాకా నిలుస్తారు. 1610లో, మనిషి కృపను కాదనగలడన్న డచ్ పండితుడు ఆర్మీనియస్ అనుచరులు హాలెండ్‌లో లేవనెత్తిన అయిదు అంశాలకు 1618, 1619ల్లో డార్ట్ సభ ఇచ్చిన జవాబు నుంచి వచ్చిన వరస ఇది. యోహాను 6:37, 6:44, అపొస్తలుల కార్యములు 13:48, రోమా 9 వీళ్లకు కంఠతా.

వీళ్ల మీద సాధారణంగా వేసే నింద, మనిషిని కీలుబొమ్మ చేశారని. 1689 ప్రమాణం చదివితే ఆ నింద నిలవదు. దేవుని నిర్ణయం వల్ల మనిషి చిత్తం మీద బలాత్కారం జరగదని మూడో అధ్యాయంలోనే ఉంది, స్వేచ్ఛా చిత్తం గురించి తొమ్మిదో అధ్యాయం ప్రత్యేకంగా ఉంది. వాళ్ల లెక్కలో మనిషి ఎప్పుడూ తనకు కావలసిందే కోరుకుంటాడు. పాపి కోరికే వంకరగా ఉంది, అదీ చిక్కు. కృప వచ్చి ఆ కోరికను మారుస్తుంది, అప్పుడు మనిషి ఇష్టపడే వస్తాడు.

దీన్ని తలరాతతో కలిపేయడం మన దగ్గర మామూలైపోయింది. పొద్దున్న "ఏర్పాటు" గురించి బోధ విని, సాయంత్రం "ఏం చేస్తాం, రాసిపెట్టి ఉంది" అంటారు. తలరాతలో ఎవరూ ఎవరినీ ప్రేమించరు, ఎవరూ ఎవరి కోసమూ ప్రాణం పెట్టరు. ఎఫెసీ పత్రికలో ఏర్పాటు ఒక తండ్రి పిల్లల్ని దత్తత తీసుకోవడంలా వస్తుంది. పైగా గమ్యాన్ని నిర్ణయించిన దేవుడే దారినీ నిర్ణయించాడని వీళ్ల బోధ. ప్రార్థన, ప్రకటన, పశ్చాత్తాపం అన్నీ ఆ దారిలోవే, వాటిని మానేసి గమ్యం చేరేవాడు లేడు. ఇంకో సంగతి, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు రాకపోయినా, సంబంధం తప్పిపోయినా "ప్రభువు ముందు నిర్ణయం" అనేస్తారు మనవాళ్లు. ఎఫెసీ 1, రోమా 8 రక్షణ గురించి మాట్లాడుతున్నాయి. కోచింగ్ సెంటర్ ఫలితాల గురించి కాదు.

రెండో దారి: స్వేచ్ఛా చిత్తం

యోహాను 3:16, 1 తిమోతి 2:4, 2 పేతురు 3:9, యెహోషువ 24:15 వీళ్ల బలం. యెరూషలేము మీద యేసు ఏడ్చిన మాట కూడా. మత్తయి 23:37లో ఆయన చేర్చుకోవాలనుకున్నాడు, వాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం నిజం కాకపోతే ఆ దుఃఖం నటన అవుతుంది కదా అని అడుగుతారు. బరువైన ప్రశ్నే అది.

వీళ్ల మీదా ఒక నింద ఉంది, మనిషి తన బలంతో రక్షణ సంపాదించుకుంటాడని వీళ్లు బోధిస్తారని. జాగ్రత్తగా బోధించేవాళ్లు అలా అనరు. కృప ముందుగా వస్తుంది, అది లేకుండా ఎవరూ కదలలేరు, అయితే దాన్ని కాదనే వీలు మనిషికి ఉంది అంటారు. మన ప్రాంతం వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువకు నీరు వదలడం రైతు చేతిలో లేదు. నీరు పొలం దాకా వచ్చాక తూము తెరవడమో మూసుకోవడమో అతని చేతిలో ఉంది. తూము తెరిచినంత మాత్రాన నీళ్లు నేనే తెచ్చానని ఏ రైతూ గొప్ప చెప్పుకోడు. దీనికి 1689 వాళ్ల జవాబు కూడా వినాలి: "మీ పోలికలో రైతు బతికే ఉన్నాడు. ఎఫెసీ 2:1 చచ్చినవాడి గురించి చెబుతోంది." వాదన ఇక్కడికి వచ్చి ఆగుతుంది, నాలుగు వందల ఏళ్లుగా ఇక్కడే ఆగుతోంది.

ఏర్పాటు వచనాలకు వీళ్లు ఇచ్చే అర్థం, ఎవరు నమ్ముతారో దేవుడు ముందే చూసి వాళ్లను ఏర్పరచుకున్నాడని. ఇక రక్షణ పోగలదా అన్న దగ్గర ఈ దారి రెండుగా చీలుతుంది. ఫ్రీవిల్ బాప్టిస్టులు హెబ్రీ 6 చూపించి, విశ్వాసం వదిలేసినవాడు రక్షణనూ పోగొట్టుకుంటాడంటారు. మిగతావాళ్లలో చాలామంది మాత్రం రావడం మన ఇష్టం, వచ్చాక నిలబెట్టేది దేవుడు అంటారు. సంఘం చూసుకునేవాళ్లకు, నన్నడిగితే, ముందు నిర్ణయం కన్నా ఈ చీలికే ముఖ్యం. ప్రతి వారం ఇంట్లో పనిచేసేది అదే.

మూడో దారి: మనలో ఎక్కువమంది

1833లో అమెరికాలో వచ్చిన న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రమాణం ఏర్పాటును ఒప్పుకుంటుంది, అది మనిషి స్వేచ్ఛతో పూర్తిగా పొసుగుతుందని కూడా అంటుంది. ఎంత ఘోర పాపికైనా రక్షణకు అడ్డు అతని భ్రష్టత్వమూ, అతను కావాలని సువార్తను తోసిపుచ్చడమూ తప్ప ఇంకేమీ లేదంటుంది. ఎలా పొసుగుతుందో చెప్పదు. తెలుగు బాప్టిస్టుల్లో పెద్దవాళ్లను కదిపితే, ఆ ప్రమాణం పేరు విననివాళ్లు కూడా ఇదే చెబుతారు. రక్షణ దేవునిది, నమ్మాల్సింది నువ్వు, నమ్మినవాణ్ని ఆయన వదలడు.

ఇది నీళ్లు నమలడమని రెండు వైపులవాళ్లూ ఎకసెక్కం చేస్తారు. కొన్ని సంఘాల్లో ఆ మాట నిజమే. రోమా 9 వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసే పాస్టర్ గారిది మధ్యస్థ మార్గం కాదు, తప్పించుకోవడం. రెండు రకాల వచనాలనూ పూర్తిగా బోధించి, "ఈ రెంటినీ నేను కలపలేను, ఏదీ వదలను" అని చెప్పేవాళ్లదే అసలు మూడో దారి. ఫిలిప్పీ 2:12, 13 వచనాలు చేసింది అదే. ఒకదాంట్లో మీ రక్షణను మీరు కొనసాగించండి అని ఉంటే, మరుసటి దాంట్లో మీలో ఇచ్ఛను కలిగించేది దేవుడే అని ఉంది.

ఒంగోలు చరిత్రను ఈ కళ్లతో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగువాళ్ల మధ్యకు వచ్చాక మూడు దశాబ్దాల పాటు ఫలితం పెద్దగా లేదు, మిషన్ మూసేద్దామన్న మాట అమెరికాలో పదేపదే వచ్చింది. 1866లో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ఎర్రగుంట్ల పేరయ్య గారి ద్వారా మాదిగ పల్లెల్లో కదలిక వచ్చింది. 1876 నుంచి 1878 దాకా కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ల నిర్ణయం వాళ్లదిగా ఉండాలని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. స్వేచ్ఛా చిత్తం వైపువాళ్లు "చూశారా, నిర్ణయానికి ఆయన ఎంత విలువ ఇచ్చాడో" అనవచ్చు. 1689 వాళ్లు "అన్నేళ్లు ఎవరూ రాలేదు, ఒక్కసారిగా ఇంతమంది ఎలా వచ్చారు?" అనవచ్చు. నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. మన పెద్దలు ఒంటరిగా చీటీ మీద టిక్ పెట్టినట్టు నిర్ణయించుకోలేదు. కుటుంబాలు, పల్లెలు కలిసి వచ్చాయి. అటు లండన్, ఇటు హాలెండ్ వాదనల్లో ఒక్కొక్క మనిషి చిత్తం గురించే చర్చ. మన తాతల సాక్ష్యం ఆ మూసలో సరిగ్గా కుదరదు.

ఎక్కడ తేడా కనిపిస్తుంది

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లండి. చాప మీద మోకాళ్లూని, కొంగు తల మీదకు లాక్కుని ఒక తల్లి కొడుకు కోసం ఏడుస్తుంటుంది. "తండ్రీ, వాడి మనసు మార్చు. వాడి గుండె తెరువు. ఆ స్నేహాలు తెంచెయ్." స్వేచ్ఛా చిత్తం సంఘంలోనైనా ఆమె ప్రార్థన అదే. వాడి స్వేచ్ఛను గౌరవించి ఊరుకో ప్రభువా అని ఏ తల్లీ అనదు. అలాగే బాప్తిస్మం రోజు 1689 సంఘంలోనైనా తొట్టిలో నడుము లోతు నీళ్లలో నిలబెట్టి "యేసు క్రీస్తును నీ సొంత రక్షకునిగా నమ్మావా?" అని అడుగుతారు. ఆ అమ్మాయి వణుకుతూ "నమ్మాను" అనాల్సిందే. ఆమె బదులు ఇంకెవరూ అనరు. ప్రార్థనలో అందరమూ కల్వినిస్టులమే, బాప్తిస్మం దగ్గర అందరమూ స్వేచ్ఛా చిత్తం వాళ్లమే.

అందుకే వినాల్సింది ఆ తల్లికి ఎవరు ఏమని ధైర్యం చెబుతారో. "ఏర్పాటులో ఉంటే వస్తాడులే సిస్టర్" అని చేతులు దులుపుకుంటే ఆ సంఘం ఫుల్లర్ ఖండించిన దగ్గరే ఇంకా ఆగి ఉంది. "వాడు ఒప్పుకోకపోతే దేవుడు మాత్రం ఏం చేస్తాడు" అన్నారా, అప్పుడు ఆమె ప్రార్థనకే అర్థం లేకుండా పోయింది.

రెండో చోటు, రక్షణ మీద నిశ్చయత. సున్నితమైన మనసున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. బోధ సరిగా లేని కల్వినిస్టు సంఘంలో వాళ్లు "నేను ఏర్పరచబడ్డానా, లేదా" అని లోపల తవ్వుకుంటూ కూర్చుంటారు. బోధ సరిగా లేని స్వేచ్ఛా చిత్తం సంఘంలో ప్రతి మహాసభలోనూ ముందుకు వెళ్లి మళ్లీ మొదటినుంచి రక్షణ పొందుతారు. నిద్ర పట్టని టెన్షన్ రెండు చోట్లా ఒకటే. మంచి పాస్టర్ గారు ఎవరైనా సరే ఆ మనిషి చూపును తన లోపలి నుంచి క్రీస్తు వైపు తిప్పుతారు, యోహాను 6:37లో రెండో సగం చదివి వినిపిస్తారు. నా దగ్గరకు వచ్చేవాణ్ని ఎంతమాత్రమూ బయటికి తోసివేయను అన్న భాగం. ఇంకో రకం వాళ్లుంటారు. ఒకప్పుడు చెయ్యెత్తారు, తర్వాత ఇరవై ఏళ్లు తాగుడు, వడ్డీ వ్యాపారం, "ఒకసారి రక్షణ పొందితే ఎప్పటికీ రక్షణే" అన్న భరోసా. వీళ్లకు గట్టిగా మాట్లాడే సంఘం కావాలి. నిలిచేవాడే నిజంగా వచ్చినవాడని 1689 వాళ్లూ అంటారు, పోగొట్టుకోగలవు జాగ్రత్త అని ఫ్రీవిల్ వాళ్లూ అంటారు. ఈ విషయంలో మెత్తగా జారిపోయేది ఎక్కువగా మన మధ్యస్థ సంఘాలే.

మూడోది చావు ఇల్లు. హైవే మీద ప్రమాదంలో పిల్లాడు పోయిన ఇంట్లో "ఇది దేవుని నిర్ణయం" అని ఆ గంటలో చెప్పేవాళ్ల నోరు ఎంత సత్యం పలికినా కఠినమే. "ఆయనకూ ఇది ఇష్టం లేదు, కానీ ఏం చేయలేకపోయాడు" అన్న మాట ఓదార్పులా వినిపించినా మర్నాటికి భయం పుట్టిస్తుంది. ఈ ఇంటికి వచ్చి ముందు కూర్చుని ఏడ్చేవాళ్ల సంఘంలో చేరండి, సిద్ధాంతం తర్వాత అడగవచ్చు.

ఎవరికి ఏది

వాక్యాన్ని వరసగా, అధ్యాయం వెంట అధ్యాయం నేర్చుకోవాలన్న ఆశ ఉన్నవాళ్లకు, ఉద్రేకాల బోధతో విసిగినవాళ్లకు 1689 సంఘాలు బాగా నప్పుతాయి. వాళ్ల బోధలో శ్రమ కనిపిస్తుంది. అయితే కొత్తగా ఆ బోధ విన్న కుర్రాళ్లు కొన్నాళ్లు ఇంట్లో అందరి రక్షణనూ పరీక్షిస్తూ తిరుగుతారు, దానికి ఓపిక కావాలి. ఇంట్లో మొదటి విశ్వాసి మీరే అయితే, బంధువులు ఇంకా బయటే ఉంటే, ఎవరినైనా వెంట తీసుకెళ్లగలిగే, అందరినీ పిలిచే సంఘం మేలు. అది ఏ దారిదైనా కావచ్చు, పిలుపు మాత్రం ఉండాలి. గుంటూరులో లూథరన్ ఇంటికి పిల్లనిచ్చేవాళ్లకు ఒక మాట. వాళ్లూ రక్షణ పూర్తిగా కృపే అంటారు, మనిషి దాన్ని కాదనగలడనీ అంటారు. ఈ విషయంలో పెద్ద గొడవ రాదు. గొడవ వస్తే పసిపిల్లల బాప్తిస్మం దగ్గర వస్తుంది.

పాస్టర్ గారిని కలిసి అడగడానికి మొహమాటపడొద్దు. "వందనాలు అయ్యగారూ, మన సంఘం ఏ విశ్వాస ప్రమాణం పాటిస్తుంది?" అంటే 1689 అనో ఇంకోటనో చెబుతారు, లేదా "మాకు బైబిలే" అంటారు. బైబిలే అన్న జవాబు తప్పు కాదు, బాప్టిస్టుల్లో ప్రతి సంఘమూ స్వతంత్రమే. అప్పుడు ఇంకో రెండు అడగండి. విశ్వాసం వదిలేసినవాడి సంగతి ఏమిటి? రోమా 9 చివరిసారి ఎప్పుడు బోధించారు? రెండో ప్రశ్నకు నవ్వేసి ఊరుకుంటే అదీ జవాబే.

భార్యాభర్తలకు ఈ విషయంలో చెరో అభిప్రాయం ఉంటే చాలా సంఘాలు సభ్యత్వానికి అడ్డు చెప్పవు. మారుమనస్సు, బాప్తిస్మం ఉంటే చాలంటాయి. కానీ సండే స్కూల్ చెప్పాలన్నా, డీకన్‌గా నిలబడాలన్నా కొన్నిచోట్ల విశ్వాస ప్రమాణం మీద సంతకం అడుగుతారు. సొంతూరి సంఘం నుంచి తెచ్చిన సభ్యత్వ ఉత్తరం చేతికిచ్చేముందే ఆ సంగతి కనుక్కోండి. ఇచ్చాక వెనక్కి అడగడం ఇబ్బంది, ఊళ్లో పాస్టర్ గారికి మళ్లీ ఫోన్ చేసి ఇంకో ఉత్తరం రాయించుకోవాల్సి వస్తుంది.